బంతిలోంచి లేచినవాడు

"నాలుకను గెలవమని మాకు చెప్పే మీరు, మీ పాత స్నేహితులతో కూర్చుని చేపల పులుసు జుర్రుకుని, కల్లు తాగి, చుట్టలు కాల్చి రావడం ఏమిటి గురువుగారూ? ఇది మేమెలా అర్థం చేసుకోవాలి?"

నూకదాసు గారిని ఈ మాట అడిగినవాడు కొర్లయ్య. కోపంతోనే అడిగాడు.

నూకదాసు గారు సముద్రపు ఒడ్డున ఒక జాలరిపేటలో పుట్టి, అక్కడే వలలు బాగుచేసుకుంటూ బతికారు. సాయంత్రాలు తత్వాలు చెప్పేవారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని దాసుగారూ అని చేతులు జోడిస్తే, చిన్ననాటి స్నేహితులు మాత్రం "ఒరే నూకా" అనే పిలిచేవారు. ఆ పిలుపుకే ఆయన త్వరగా పలికేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. వాదించడం చేతకాదని కొందరు, ఇష్టం లేదని కొందరు అనుకునేవారు.

కొర్లయ్య కూడా ఆ పేటలో పుట్టినవాడే, సెలవుకు ఒక్కడే వచ్చి ఉన్నాడు. బతుకుతెరువు కోసం ఎక్కడో దూరాన రేవు పట్నంలో కాటా గుమాస్తాగా కుదిరి, భాష తెలియని మనుషుల మధ్య పిల్లల్ని పెంచుకుంటున్నాడు. అక్కడి వీధిలో సాయంత్రమయ్యేసరికి తాగి దొర్లేవాళ్ళను చూసి చూసి, తాను కల్లు మానేశాడు, చుట్ట మానేశాడు, చివరికి చేప కూడా మానేశాడు. పిల్లల్ని పక్కింట్లో మంచినీళ్ళు కూడా తాగనిచ్చేవాడు కాడు. దూరాన పిల్లల్ని పెంచుకునేవాడికి ప్రతి గుమ్మమూ ప్రమాదంలాగే కనిపిస్తుంది. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి దాన్ని ఎగతాళి చెయ్యను. నా పిల్లల చేతిలో చుట్ట కనిపిస్తే నేనూ ఊరుకోను. కానీ ఆ రోజు కొర్లయ్య చేసిన పని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అతని ప్రశ్నకు గురువుగారు ఇంతే అన్నారు: "రేపు మధ్యాహ్నం ఎర్రన్న ఇంట్లో కూర్చుంటున్నాం. నువ్వూ రా."

"నేనా? అక్కడికా?"

"నువ్వీ పేట మనిషివి. మీ ఇంటి తరఫున నువ్వు తప్ప ఎవరున్నారు? ఒక్క ఇల్లు తగ్గినా రేపటి బంతిభోజనం చెల్లదు."

ఎందుకు చెల్లదో గురువుగారు దారిలో అతనికి విడమరిచి చెప్పారు. మీకూ చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట పేటలో ఒకరి పెద్దవల తెగ్గోసి ఉంది. కోసింది కులపెద్ద అసిరయ్య బావమరిది. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నలుగురిలో నిలబడి చెప్పినవాడు ఎర్రన్న ఒక్కడే. చెప్పినందుకు వల కోసినవాడికి ఏమీ కాలేదు. ఎర్రన్నను వెలివేశారు. ఎవరూ అతనికి నిప్పివ్వకూడదు, అతని నిప్పు పుచ్చుకోకూడదు. అతనితో కలిసి తినకూడదు. అతన్ని పడవ ఎక్కించుకోకూడదు. నడిసముద్రంలో వల లాగిన చేతులతో ఎర్రన్న అప్పటినుంచీ ఒడ్డున గవ్వలేరుకుని, సున్నం బట్టీకి అమ్ముకుని బతుకుతున్నాడు. జ్వరమొచ్చి పడుకుంటే గుక్కెడు నీళ్ళిచ్చేవాళ్ళు లేరు.

నూకదాసు గారు ఒక్కరే వెళ్ళి అతని పక్కన కూర్చుని తినేవారు. దాసుడికి కట్టుబాటేమిటిలే అని పేట ఊరుకుంది. అయితే ఆయన దాంతో తృప్తిపడలేదు. "నేను తింటే వాడికి ముద్దకి తోడు దొరుకుతుంది, పడవ దొరకదు" అనేవారు. అందుకే గుమ్మం గుమ్మం తిరిగి, ఒక్కొక్కణ్ణీ బతిమాలి, చివరికి అసిరయ్య చేత కూడా సరే అనిపించారు. వెలి తీరడానికి ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. వెలిపడ్డవాడు పేటలో ఇంటికొక మనిషిని పిలిచి అన్నం పెట్టాలి. అందరితోపాటు తానూ బంతిలో కూర్చుని తినాలి. అందరూ తినడం అయ్యాక ఒక్కసారిగా లేవాలి. ఆ పైన కులపెద్ద తన చుట్టను ఆ ఇంటి పొయ్యిలోని నిప్పుతో ముట్టించుకోవాలి. అంతే, మనిషి మళ్ళీ మనుషుల్లో కలిసినట్టు. మధ్యలో ఒక్కడు లేచినా బంతి చెడినట్టే. అప్పుడు మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసెత్తకూడదు.

కొర్లయ్య అంతా విన్నాడు. తలూపాడు. తెలియక చేశాడని అనడానికి వీల్లేదు.

మర్నాడు ఎర్రన్న తన వాకిట్లో తాటాకు పందిరి కింద అడ్డాకు విస్తళ్ళు వేశాడు. వంజరం పులుసు, రొయ్యలూ గోంగూరా, కరకరలాడే నెత్తళ్ళ వేపుడు. పొద్దున్నే దించిన తాటికల్లు కుండల్లో నురగ కడుతోంది. పందిరి గుంజకు చుట్టల కట్ట వేలాడుతోంది, మంచి లంక పొగాకు. ఎర్రన్న తన దగ్గరున్నదంతా ఆ వాకిట్లో పెట్టేశాడని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. కొర్లయ్య చేప తినడని విని, ఎర్రన్న కొత్తకుండ తెచ్చి, వేరే పొయ్యి పెట్టి, అతనొక్కడికోసం పప్పు కూడా వండాడు. "ఆ కుండలో మరేటీ ఒండలేదు బాబూ, అనుమానం ఒద్దు" అని తనే వడ్డించాడు.

అందరికీ వడ్డన అయ్యాక ఎర్రన్న బంతి చివర కూర్చున్నాడు. అతని చెయ్యి అన్నంలో ఉంది గాని ముద్ద పైకి రావడం లేదు. అటూ ఇటూ మనుషుల్ని చూసుకుంటున్నాడు.

"తినరా ఎర్రన్నా, అన్నం ఎక్కడికీ పారిపోదు. మేమూ పారిపోం" అన్నాడు దానయ్య. గురువుగారి స్నేహితుల్లో నోరు పెద్దది అతనిదే. అతనికి సొంత పడవ ఉంది. పేటలో పెద్ద తాగుబోతు అని పేరు కూడా ఉంది. అప్పటికే తాటాకు దొప్ప ఖాళీచేసి మీసాలు తుడుచుకుంటూ, ఎదురుగా కూర్చున్న కొర్లయ్యను చూశాడు.

"ఒరే కొర్లిగా, మీ అయ్య వంజరం తలకాయ కోసం మా అమ్మతో దెబ్బలాడేవోడు. నువ్వేటిరా పప్పులో పడ్డావు? ములిగిపోతే సెప్పు, వలేసి లాగుతాం!"

బంతి అంతా గొల్లున నవ్వింది. నూకదాసు గారు కూడా పొలమారేలా నవ్వారు. దానయ్య ఇంకో దొప్ప పుచ్చుకుని, పడవవాళ్ళు పాడుకునే మోటు పాట ఒకటి ఎత్తుకున్నాడు. గురువుగారు ఎడమచేత్తో తొడమీద తాళం వేశారు.

కొర్లయ్య ముఖం ఎర్రబడింది. ఎవరూ అతని చేత కల్లు తాగించలేదు. ఎవరూ అతని విస్తట్లో చేప వెయ్యలేదు. అతన్ని కాల్చింది ఆ నవ్వు. అందులోనూ గురువుగారి నవ్వు. అయినా లేస్తూ అతను చెప్పింది మాత్రం ఇది:

"నేనిక్కడ కూర్చోలేను. దీన్ని మా పిల్లలు చూస్తే ఏమనుకుంటారు?"

పాట ఆగిపోయింది. ఎక్కడి చేతులు అక్కడే ఉన్నాయి.

అతని పిల్లలు ఎక్కడో సముద్రానికి ఆ కొసన ఉన్నారు. వాళ్ళు చూడటం లేదు. చూస్తున్నవాడు ఎర్రన్న. ఇన్నేళ్ళకు మనుషుల మధ్య కలిపిన మొదటి ముద్ద అతని చేతిలో ఉంది. అది నోటిదాకా వెళ్ళలేదు. తన నియమం గొప్పదని నిలబడ్డవాడికి, తన విస్తట్లోని పప్పు ఎవరు వండారో, ఎందుకు వండారో ఆ క్షణాన గుర్తులేదు. మన శుభ్రత కోసం ఎదుటివాడి నోటి దగ్గర అన్నం పడగొట్టి, దానికి పిల్లల పేరు పెడతామా? పిల్లలకు మనం నేర్పేది ఇదేనా?

అందరికన్నా ముందు తేరుకున్నవాడు అసిరయ్య. అతని విస్తట్లో వంజరం ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు. రెండోసారి వేయించుకున్న రొయ్యలు కూడా అయిపోయాయి. వేళ్ళు నాక్కుని, తీరిగ్గా లేచాడు.

"బంతి చెడింది. నా తప్పేటీ లేదు, అందరూ సూసినారు. మళ్ళీ ఏడాది సూద్దాం ఎర్రన్నా."

ఆ మాటలో దాచుకోలేని సంతోషం ఉంది. ఒకరి తరవాత ఒకరు లేవడం మొదలుపెట్టారు. కులపెద్ద లేచాక కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? దానయ్య కూడా లేచాడు. ఎర్రన్న ముద్దను మెల్లగా విస్తట్లో పెట్టేశాడు. ఎవరి చేతులకు నీళ్ళు పొయ్యాలా అని చెంబు కోసం చూస్తున్నాడు.

కదలకుండా కూర్చున్నది నూకదాసు గారొక్కరే. తల దించుకుని తింటున్నారు.

దానయ్య రెండడుగులు వేసి ఆగాడు. ఎర్రన్న చెంబు అందుకోవడం చూశాడు. చూస్తూ చూస్తూ ఉంటే అతని మెడనరాలు ఉబ్బాయి.

"ఒరే ఎర్రన్నా, ఆ సెంబొగ్గేయ్. నానింకా తిన్లేదు" అని వెనక్కి వచ్చి, తన విస్తరి ముందు దబ్బున కూలబడ్డాడు. పక్కన వేలాడుతున్న కట్టలోంచి ఒక చుట్ట లాగి నోట్లో పెట్టుకున్నాడు. "ముందు నిప్పియ్యి."

ఎర్రన్న నిలబడిపోయాడు. "ఒద్దు మావా" అన్నాడు లోగొంతుతో. "నా నిప్పొద్దు. నీకు పెళ్ళాం పిల్లలున్నారు."

"పిల్లలున్నారు కాబట్టే అడగతన్నాను. ఇయ్యి."

అసిరయ్య గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "దానిగా, తాగి ఒళ్ళు తెలీడం లేదేటి నీకు? ఆ నిప్పు ముట్టుకున్నావంటే రేపట్నించి నీ పడవెక్కడానికి మనిషి దొరకడు, తెలుసా?"

"దొరికినాడుగా" అన్నాడు దానయ్య, ఎర్రన్న వైపు గడ్డం ఎత్తి చూపించి. "వల లాగడంలో ఈడి పెట్టు ఈ పేటలో ఎవుడున్నాడు? ఆ రోజు వల కోత్తుంటే నానూ సూసినాను అసిరయ్యా. సూసి నోరు మూసుకున్నాను. అప్పుడు తాగిలేను. అప్పుడే ఒళ్ళు తెలీలేదు నాకు."

ఎర్రన్న పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. కొబ్బరి చిప్పతో నిప్పుకణిక ఎత్తి తెచ్చాడు. దానయ్య అతని మణికట్టు పట్టుకుని నిలిపి, చుట్ట కొస దానికి ఆనించి, దవడలు లోపలికి పోయేలా పీల్చాడు. ఆ పొగ పందిరి కింద అందరి మీదుగా వెళ్ళింది. అసిరయ్య ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

తరవాత ఒక ముసలాయన, "పులుసు సల్లారిపోతన్నాది" అని ఎవరినీ చూడకుండా గొణిగి, వచ్చి తన చోట కూర్చున్నాడు. అతని వెనకే ఇంకొకరు. అందరూ రాలేదు. వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళు మర్నాటి నుంచి దానయ్యను కూడా పలకరించరని అందరికీ తెలుసు, దానయ్యకు మరీ బాగా తెలుసు. అయినా కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు. ఎర్రన్న కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. ఏడుస్తూ తినేవాడికి అంతే.

"ఉప్పు ఎక్కువేసినావురా" అన్నాడు దానయ్య. ఈసారి ఎర్రన్న కూడా నవ్వాడు. మళ్ళీ పాట మొదలైంది, అదే మోటు పాట.

కొర్లయ్య పందిరి బయట ఎండలో నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోవడానికి కాళ్ళు రావడం లేదు. అతని విస్తరి అలాగే ఉంది. ఎవరూ తియ్యలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. చివరికి బంతి వెనకగా వచ్చి గురువుగారి భుజం దగ్గర వంగాడు.

"గురువుగారూ, నేను కల్లు ముట్టలేదు. చుట్ట ముట్టలేదు. ఒక్క చెడ్డమాట అనలేదు. అయినా..." అని ఆగిపోయాడు. తరవాత ఇంకా నెమ్మదిగా అడిగాడు. "నేను మళ్ళీ కూర్చోవచ్చా?"

నూకదాసు గారు నెత్తళ్ళ వేపుడు నములుతూనే, తల తిప్పకుండా అన్నారు:

"నన్నడుగుతావేం? ఆకులు వేసింది నేను కాదు."