పావురాల బిలం

"పిల్లల పుస్తకంలో భయాన్ని ఎంతవరకు ఉంచాలి, గురువుగారూ?" అని వకుళ అడిగింది. గుహల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడిన నిజ సంఘటనలను ఆమె పిల్లల కోసం రాస్తోంది. ఆమె పిల్లలిద్దరూ దూరాన హాస్టల్లో ఉన్నారు. ఆ పేజీలు వాళ్ళు ఒంటరిగా చదువుతున్నట్టు ఊహించుకుని, ఉదయం రాసిన వాక్యాల్లో సగం సాయంత్రానికి కొట్టేస్తోంది. ఆ కొట్టివేతల కాగితాలే తెచ్చి వేదాద్రిగారి ముందు పెట్టింది.

ఆయన వాటిని తిరగేసి పక్కన పెట్టారు. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు; ఒక కథ ఎత్తుకున్నారు.

ఎర్రమల కొండల్లో పావురాల బిలం ఉందట. తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ నాగవేణి అనే పదకొండేళ్ళ పిల్ల అందులోకి వెళ్ళింది. అంతలో పెద్ద వాన. దారి మధ్యలో ఉన్న పల్లం కప్పు దాకా నీళ్ళతో నిండిపోయింది. పిల్ల అవతలి గదిలో చిక్కుకుంది. ఆ గది కప్పులో అరచెయ్యి పట్టేంత సందు ఉంది. తండ్రి ఓబులేసు కొండ మీద బోర్లా పడుకుని, ఆ సందులోంచి కూతురితో మాట్లాడుతూనే ఉన్నాడు.

తేనె దింపే బయన్న, అతని బావమరిది గురవడు తాడు తెచ్చారు. తేనెపట్టు కోసం కొండ చరియ దిగేది బావ అయితే పైన తాడు పట్టేది బావమరిదే. అక్క బతుకు తన చేతిలో ఉందని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"నువ్వు తిరిగి రాకుంటే నీ కుక్కను నేను సాకుతాలే బావా."

"నీ కూడు తినే కర్మ దానికెందుకురా?"

నడుముకు ముడి పడగానే ఇద్దరూ నవ్వడం మానేశారు. తాడు మీదున్న మనిషితో వేళాకోళం ఆడకూడదు, ఓదార్పుకైనా అబద్ధం చెప్పకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

బయన్న మునిగి అవతల తేలాడు. తాడును ఒక రాతికి కట్టి, దాన్ని పట్టుకుని ఎలా వెళ్ళాలో పిల్లకు చూపిస్తున్నాడు. ఇంతలో పైనుంచి ఓబులేసు అందుకున్నాడు.

"నీళ్ళు రెండడుగులే తల్లీ. కళ్ళు మూసి తెరిచేలోగా బయటుంటావు."

ఆ మాట వినగానే పిల్ల మునిగింది. రెండడుగులకు సరిపడా ఊపిరే తీసుకుంది. గాలి కోసం తల ఎత్తితే రాయి తగిలింది. బయన్న కాలు పట్టి వెనక్కి లాగాడు. దగ్గు తగ్గాక ఆమె గోడకు అతుక్కుపోయి, ఇక రానంది. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చాయి.

ఓబులేసు మళ్ళీ ఏదో అనబోయాడు.

"రోంచేపు గమ్మునుండన్నా," అన్నాడు బయన్న. పిల్ల వైపు తిరిగాడు. "నేను ఊపిరి బిగబట్టి వచ్చేటప్పుడు లెక్కపెట్టినా. ఇరవై నాలుగు."

"మధ్యలో గాలి?"

"ఉండదు."

"రాయి తగుల్తాదా?"

"తగుల్తాది. పదకొండు కాడ ఒకసారి. దాని కింద వంగి పోవల్ల. చానా భయమేస్తాది."

ఆమె ఏడ్చింది. అతను ఆపమనలేదు. ఏడుపయ్యాక ముక్కు మూసుకుని, అక్కడే నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదటిసారి పదహారు. రెండోసారి ఇరవై రెండు. మూడోసారి ముప్ఫై దాటింది. అప్పటికి నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. ఆమే ముందు మునిగింది, బయన్న వెనక వెళ్ళాడు.

ఓబులేసు కొండ దిగి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గురవడు పిల్లను ఒడ్డుకు లాగుతున్నాడు. తండ్రి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె మాత్రం తండ్రి భుజం మీదుగా బయన్నను చూస్తూ, "పదకొండు కాడే తగిలింది," అంది.

వకుళ, "పాపం, ఆ తండ్రి ప్రేమతోనే కదా అలా చెప్పాడు," అంది.

"కాదని ఎవరన్నారమ్మా?" అన్నారు వేదాద్రిగారు, కాగితాలు ఆమె వైపు జరుపుతూ. "అతను గట్టున ఉన్నాడు, అంతే."