శనివారం బడి ఆట

సన్యాసిరావు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు రావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. పేరుకు సన్యాసే గానీ ఆయనకు ఇంటి నిండా మనవలూ మనవరాళ్లూ. వాళ్లడిగినా అంతే. "కాసేపాగు, చూద్దాం" అంటారు. ఆ చూడటంలో ఏదో ఒకటి జరుగుతుంది, అడిగినవాళ్లు తెల్లమొహం వేసుకుని వెళ్లిపోతారు.

హైమావతి ఆయన దగ్గరే ఓనమాలు దిద్దుకుంది. టీచరు ట్రైనింగు పూర్తిచేసుకుని, ఆయన హెడ్మాస్టరుగా ఉన్న ఆ బడికే ఒకటో తరగతి టీచరుగా వచ్చింది. పిల్లల మీద చెయ్యి చేసుకోనని వచ్చిన రోజే ఒట్టు పెట్టుకుంది, ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా. గొంతు పెంచి ఎరగదు. జవాబు రాని పిల్లని నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చెయ్యదు. ఇలాంటి టీచరు దొరకడం పిల్లల అదృష్టమని ఊరంతా అనుకునేది. లోపల్లోపల హైమావతి కూడా అలాగే అనుకునేది.

విద్యా సంవత్సరం ముగియబోతుండగా, ఒక శనివారం మధ్యాహ్నం ఆమె మాస్టారి గదికి వచ్చింది.

"మాస్టారూ, నూకాలుని మళ్లీ ఒకటిలోనే కూర్చోబెడదామండి. సోమవారం వాళ్లమ్మని రమ్మన్నాను, చెప్పేస్తాను. ఏడాదంతా ఎంత ప్రేమగా చూశానో మీకు తెలుసు. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క మాట అనలేదు. అయినా ఆ పిల్ల ఏమీ నేర్చుకోలేదు. ఎందుకంటారు?"

నూకాలు తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి పోతుంది. ఇంటి దగ్గర చంటిపిల్లవాణ్ణి చూసుకునే దిక్కు లేదు. కూతురు మళ్లీ ఒకటిలోనే అని తెలిస్తే, ఇక దీనికి చదువెందుకులే అని బడి మానిపించేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా హైమావతి అడిగింది, ఎందుకంటే ఆమెకు మరో దారి కనపడలేదు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని లేచారు. "రామ్మా, పిల్లలు ఆడుకుంటున్నారు. కాసేపు చూద్దాం."

శనివారం ఆఖరి పీరియడు ఆ బడిలో బడి ఆట. మాస్టారు పెట్టిన ఆచారం అది. టీచరు కుర్చీ ఆ కాసేపూ పిల్లలదే. వంతులవారీగా ఒక్కొక్కరూ టీచరవుతారు, పెద్దవాళ్లెవరూ లోపల అడుగు పెట్టకూడదు. ఆ కాస్త తీరికలో హైమావతి తన రాతపనంతా చక్కబెట్టుకునేది. ఆట మాత్రం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఇద్దరూ వరండాలో కిటికీ పక్కన నిలబడ్డారు. లోపల నూకాలు వంతు నడుస్తోంది. ఎవరిదో తువ్వాలు పైటలా వేసుకుని, చాపల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. పిల్లలు తమ ముందు చింతగింజలు పోసుకుని పదేసి చొప్పున కుప్పలు పెడుతున్నారు.

"పది పెట్టమన్నానా? తొమ్మిదే ఉన్నాయి కన్నా, ఇంకోటి వెయ్యి" అంది నూకాలు ఒక కుర్రాడి ముందు ఆగి.

"పదే ఉన్నాయే నూకాలూ!"

"నూకాలేటి? టీచర్ అను. మళ్లీ లెక్కెట్టు."

వాడు మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిదే ఉన్నాయి.

హైమావతి ఆశ్చర్యపోయింది. ఏడాది పొడుగునా పెదవి విప్పని పిల్లకు లెక్కలూ వచ్చు, గొంతూ ఉంది. ఆ గొంతు, తల పక్కకు వంచి "ఏదీ చెప్పు కన్నా" అనడం, అన్నీ తనవే. అచ్చం తనలాగే చేస్తోందని మురిసిపోయింది కూడా.

అంతలో నూకాలు గోడవార వరస చివరికి వచ్చింది. అక్కడ ఒక చోటు ఖాళీగా ఉంది, ఒట్టి పలక పడి ఉంది. అది నూకాలు కూర్చునే చోటు. ఆ పిల్ల దాని ముందు ఆగి, వంగి, తల ఉండాల్సిన ఎత్తున గాల్లోనే చెయ్యి పెట్టి నిమిరింది.

"నువ్వు చెప్పక్కర్లేదులేమ్మా. నీకు కష్టం. కూర్చో, పర్లేదు" అంది ఎంతో ప్రేమగా. అని, పక్కపిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. నూకాలు దగ్గర టీచరు అలా అనడం వాళ్లకి రోజూ అలవాటే.

హైమావతి చెవులు వేడెక్కిపోయాయి. ఆ మాటలు ఆమెవే, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మొదట్లో ఒకరోజు నూకాలు జవాబు వెతుక్కుంటూ తడబడితే జాలిపడి అంది. మర్నాడూ అంది. ఆ తర్వాత అలవాటయిపోయింది. ఆ పిల్ల కోసం ఆగాలంటే ఓపిక పట్టాలి, తక్కిన పిల్లలేమో నేనంటే నేనని చేతులెత్తుతుంటారు. ఆగడానికి బద్ధకించి, దానికి దయ అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు నూకాలు ఇటు తిరిగి తనని చూస్తే ఏ మొహంతో నిలబడాలో తెలియలేదు. ఆరేళ్ల పిల్ల కంటపడకుండా గోడ చాటుకు తప్పుకుంది.

"నేను... మంచికనే, మాస్టారూ..." అనబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

మాస్టారు ఆమె వంక చూడలేదు. కిటికీలోంచి నూకాలునే చూస్తూ అన్నారు:

"ఏమీ నేర్చుకోలేదన్నావు గదమ్మా. నువ్వు చెప్పిందంతా నేర్చుకుంది."