ఊరికే ఇచ్చిన రాగిబిళ్ల

అనగనగా, మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఒక పట్నం. దాని పేరు కేసరవల్లి. అక్కడ సగం ఇళ్లు నేతవాళ్లవి. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. అమావాస్యనాడు మగ్గం ముట్టరు, డబ్బు చేత పట్టరు. ఆ రోజంతా దేవుడిదే.

ఆ పట్నం అంగడివీధిలో ధనగుప్తుడనే వర్తకుడు ఉండేవాడు. అతని కొట్టు గుమ్మానికి ఒక పంజరం, పంజరంలో ఒక గోరువంక. వచ్చినవాళ్లందరితో అది ఒకటే మాట చెప్పేది.

"బిళ్ల ఊరికే! బిళ్ల ఊరికే!"

ఒకనాడు చెంగమ్మ అనే నేతగత్తె ఆ దారిన పోతూ ఆగింది. కొట్లో ఆరు వత్తుల ఇత్తడి దీపపుసెమ్మె మెరుస్తోంది. ఇంట్లో దేవుడి ముందు మట్టిప్రమిద ఉంది. దాని వెలుగు చాలుతూనే ఉంది. అయినా ఆమె చూపు సెమ్మె మీదే నిలిచింది.

"పది కాసులమ్మా," అన్నాడు ధనగుప్తుడు. "మా రాగిబిళ్ల పుచ్చుకుంటే ఎనిమిదే. అదైనా ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. ప్రతి అమావాస్యకీ కొంచెం కొంచెం కట్టు."

"మరి బిళ్లకేమివ్వాలి?"

"గోరువంక చెబుతోందిగా!"

చెంగమ్మ నవ్వి బిళ్లను కొంగున ముడివేసుకుంది, సెమ్మెను చంకన పెట్టుకుంది. ఇంకేమీ అడగలేదు.

మొదటి అమావాస్య వచ్చింది. ఆ రోజు డబ్బు ముట్టకూడదు కనుక చెంగమ్మ మర్నాడు రెండు కాసులు తెచ్చింది.

"ఆలస్యానికి ఒకటి. బిళ్ల మెరుగుకు ఒకటి," అన్నాడు ధనగుప్తుడు. "బాకీ ఎనిమిది అలాగే ఉంది."

"బిళ్ల నా కొంగులోనే ఉంది కదా షావుకారుగారూ! మెరుగు ఎవరు పెట్టారు?"

"పెట్టినా పెట్టకున్నా రుసుము రుసుమే."

రెండో నెల ఆమె ఒకరోజు ముందే రెండు కాసులతో వచ్చింది.

"మెరుగుకు ఒకటి. గడువుకు ముందే పద్దుపుస్తకం తెరిపించినందుకు ఒకటి. బాకీ ఎనిమిది."

మూడో నెల చెంగమ్మ విసుగెత్తి వెళ్లలేదు. ధనగుప్తుడే ఇంటికి వచ్చాడు.

"నీ గడప తొక్కాను. దానికి రెండు. ఆలస్యానికి ఒకటి, మెరుగుకు ఒకటి. మొత్తం పన్నెండు. వచ్చే అమావాస్యకి కట్టకపోతే మగ్గం పట్టుకుపోతాను."

అది నాలుగు తరాల మగ్గం. అత్తగారు మంగతాయి దాని పలకను చేత్తో తడిమి చూసింది. "రాజుగారికి మొరపెట్టుకోవే పిల్లా! నట్టింట్లోకి వచ్చిన దొంగ వాడు!"

"నేనూ అలాగే తిట్టుకున్నానత్తా. కానీ రాజుగారు నన్నొక మాట అడుగుతారు. బిళ్ల పుచ్చుకునేటప్పుడు ఏమడిగావని. ఏం చెప్పను? ముడివేసింది నా చెయ్యే."

మర్నాడు చెంగమ్మ కొట్టుకు వెళ్లింది. "షావుకారుగారూ, మీ రుసుములన్నీ ఒక్కసారి చెప్పండి. ఆ రోజు అడగాల్సింది ఈ రోజు అడుగుతున్నాను."

ధనగుప్తుడికి తన తెలివి తానే వినడం ఇష్టం. గొంతెత్తి చెప్పాడు. రెండో రోజూ అడిగింది, చెప్పాడు. మూడో రోజూ అడిగింది. పాటలా చెప్పాడు. పంజరంలో గోరువంక మెడ వాల్చి వింటోంది.

చెంగమ్మ ఇంటికి వెళ్లి దీపపుసెమ్మెను తొమ్మిది కాసులకు అమ్మేసింది. ఆ నెలంతా రేయింబవళ్లు నేసి ఐదు కాసులు కూడబెట్టింది. దేవుడి ముందు మళ్లీ మట్టిప్రమిద వెలిగించి, అమావాస్యకు ముందురోజు కొట్టుకు వచ్చింది. అక్కడ బిళ్లల కోసం జనం వరసగా నిలబడి ఉన్నారు.

"బాకీ పన్నెండు. మెరుగుకు ఒకటి. ముందు వచ్చినందుకు ఒకటి. మొత్తం పద్నాలుగు. ఇదిగో మీ బిళ్ల. ఇంకేమైనా ఉందా?" అంది చెంగమ్మ.

ధనగుప్తుడు పద్దుపుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. చేర్చడానికి ఏమీ దొరకలేదు. బాకీ కొట్టేశాడు.

"బిళ్ల ఉంచుకోమ్మా," అన్నాడు తియ్యగా. "ఊరికేగా!"

ఆ మాట వినగానే గోరువంక అందుకుంది. "బిళ్ల ఊరికే! మెరుగుకు కాసు! ఆలస్యానికి కాసు! ముందొస్తే కాసు! గడప తొక్కితే రెండు!"

వరసలో ముందున్న గాజులమ్మి పకపకా నవ్వింది. "అయ్యో షావుకారూ! మా వీధిలో ఊరికే అంటే ఇంత ఖరీదు లేదయ్యా!"

జనం ఒక్కొక్కరే వెనుదిరిగారు. ధనగుప్తుడు పంజరం మీద దుప్పటి కప్పాడు. గోరువంక లోపలి నుంచే అరిచింది. కోపం పట్టలేక పంజరం తలుపు తీసి బయటికి తరిమాడు. అది ఎగిరి కొట్టు చూరు మీద వాలి, అంగడివీధి అంతటికీ వినబడేలా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

చెంగమ్మ బిళ్లను కొట్లోనే వదిలేసి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంది. మర్నాడు అమావాస్య. మగ్గం ఉన్నచోటే ఉంది. మంగతాయి దానికి పసుపు రాసింది.

కనుక పిల్లలూ, ఊరికే ఇస్తామన్నదాన్ని చేతిలోకి తీసుకునే ముందే దాని ఖరీదు అడగాలి. అడగడం మరిచిపోతే, ఆ మరుపు బాకీ మనమే తీర్చుకోవాలి.