పొయ్యి బూడిద మీద పెట్టిన గంప

ఈ కథలో మూడుసార్లు వచ్చే ముసలమ్మ ఎవరో చెప్పడం జరగదు. ఆమె ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో అడగవద్దు. తక్కినదంతా వినవచ్చును.

అనగా అనగా, రాజులు మారినా సంతలు మారని కాలంలో, పాలవాగు ఒడ్డున వారానికొకసారి రైతుల సంత జరిగేది. ఆ సంతకు ఒకటే కట్టుబాటు. ఎవరు పండించినది వారే అమ్ముకోవాలి. అందుకు గుర్తుగా ప్రతి రైతూ తన పొలం మట్టి పిడికెడు తెచ్చి నేల మీద పోసి, దాని మీదనే గంప దించేవాడు.

ఒకనాడు ఆ సంతకు వల్లభయ్య అనే వంటవాడు వచ్చాడు. అతడు పనిచేసిన సత్రం మూతపడింది. అతని భార్య పేరిందేవి పులిహోర కలిపితే వీధి చివరివారికి సైతం ఆకలి వేసేది. ఆ పులిహోరను అరటాకు పొట్లాలు కట్టి అమ్ముకుందామని దంపతులు తలచారు. అది సాగకపోతే ఇల్లు విడిచి దేశాలు పట్టిపోవడమే.

"పులిహోర ఏ పాదులో కాస్తుందయ్యా?" అని ఒక రైతు వెక్కిరించాడు. సంతంతా నవ్వింది.

సంత పెద్ద చెంగల్రాయుడు మాత్రం నవ్వలేదు.

"పొలం లేనివాడికి పొయ్యి ఉంటుంది గదా! నీ పొయ్యి బూడిద పిడికెడు తెచ్చి, దాని మీద గంప పెట్టుకో. కాని ఆ పొయ్యి మీద ఉడికినదే ఆ గంపలో ఉండాలి. జాగ్రత్త," అన్నాడు.

మొదటి సంతనాడు, తెల్లవారుజాము మంచులో, ఒక ముసలమ్మ గంప ముందు నిలిచింది. ఆమె నడిచివచ్చిన పచ్చిక మీద మంచుబొట్టు ఒక్కటీ చెదరలేదు.

"ఈ వంట ఏ ఇంటిది, నాయనా?"

"మా ఇంటిదే, అవ్వా."

ముసలమ్మ పొట్లం వాసన చూసింది. "నిజమే. చింతపండు పిసికిన చేతికి బొటనవేలి మీద కాలిన బొబ్బ ఉంది," అన్నది.

వల్లభయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ బొబ్బ పేరిందేవికి ఆనాటి వేకువనే లేచింది.

రెండవ సంతనాడు ముసలమ్మ మళ్ళీ వచ్చింది. అదే మాట అడిగింది. అదే జవాబు విన్నది.

"నిజమే. పోపు వేస్తూ ఇల్లాలు తన తల్లిని తలచుకొని కన్నీరు పెట్టింది," అన్నది.

వల్లభయ్య ఇంటికి పోయి భార్యను అడిగాడు. ఆమె తెల్లబోయింది. "మీకెవరు చెప్పారండీ? పొగ తప్ప నన్నెవరూ చూడలేదే!"

పులిహోర పేరు నాలుగు ఊళ్ళకు పాకింది. ఎన్ని పొట్లాలు తెచ్చినా చాలడం లేదు. అప్పుడు పట్నపు వర్తకుడు శరభయ్య వల్లభయ్యను కలిశాడు.

"ఏమయ్యా, నలభై పొట్లాలకు ఇంత దూరం నడుస్తావా? నీ కాళ్ళు నిన్ను తిట్టుకోవూ? మా వంటశాలనుంచి రెండు వందలు ఇస్తాను. ఆకులో చుడితే అందరి వంటా ఒకటే!"

"వద్దండీ," అన్నది పేరిందేవి, భర్త ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే. "ఉన్నవి అమ్ముదాం. అయిపోతే అయిపోయాయని చెబుదాం."

వల్లభయ్య వినలేదు.

మూడవ సంతనాడు శరభయ్య పొట్లాలు బూడిద మీది గంపలో చేరాయి. ముసలమ్మ వచ్చింది.

"ఈ వంట ఏ ఇంటిది, నాయనా?"

వల్లభయ్య నాలుక తడబడలేదు. "మా ఇంటిదే, అవ్వా."

ఈసారి ఆమె వాసన చూడలేదు. "అలాగా. అయితే అదే నీ ఇల్లు కానీ," అని మంచులోకి నడిచిపోయింది.

పొట్లాలన్నీ అమ్ముడుపోయాయి. పట్టపగలు వల్లభయ్య ఇల్లు చేరాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న పేరిందేవి తలెత్తి, పైట సవరించుకొని నిలబడింది.

"ఎవరు కావాలండీ?"

"ఏమే, పరిహాసమా?"

ఆమె రెండడుగులు వెనక్కు వేసింది. "ఈ ఇంట్లో మగవారెవరూ లేరండీ. పొరబడి వచ్చినట్టున్నారు," అని తలుపు వేసుకున్నది.

అతడు ఎంత బాదినా ఆ తలుపు తెరుచుకోలేదు. అంతలో అతని కాళ్ళు అతని మాట వినకుండా పట్నం వైపు నడిచాయి. శరభయ్య వంటశాల ముందుకు పోయి ఆగాయి. లోపల ఏడు పొయ్యిలు మండుతున్నాయి. ఎన్నడూ చూడని స్త్రీ ఒకతె విస్తరి వేసి కూర్చున్నది.

"వచ్చారా, ఏమండీ? కాళ్ళు కడుక్కోండి. మీ ఇల్లు ఇదేనని సంతలో మీరే చెప్పారట గదా!"

వల్లభయ్య గుమ్మం తొక్కలేదు. ద్వారబంధం పట్టుకొని కాళ్ళను వెనక్కు లాక్కున్నాడు. పడుతూ లేస్తూ సంతకు పరుగెత్తాడు. రైతులు బండ్లు కడుతున్నారు.

"నేడు నేనమ్మినది మా ఇంటి వంట కాదు," అన్నాడు. ఎవరికీ వినబడలేదు.

"మా ఇంటి వంట కాదు! శరభయ్య వంటశాలది!" అని అరిచాడు. కొందరు తిరిగి చూశారు. కొందరు తిట్టారు.

మూడవమారు అతడు చెంగల్రాయుడి ముందు మోకరిల్లాడు. "అది పరాయి వంటని తెలిసీ నాదన్నాను. నాకు ఇల్లు లేకుండా పోయింది, అయ్యా!"

పెద్దాయన మాట్లాడేలోగా వెనుకనుంచి ఒక గొంతు వినవచ్చింది.

"ఏమండీ! సంత లేచిపోయింది గదా, ఇంకా ఇక్కడేం చేస్తున్నారు? అన్నం చల్లారిపోతోంది."

బొటనవేలి మచ్చ చూసిన తరువాతనే వల్లభయ్య ఆ చేయి పట్టుకొని ఇంటికి నడిచాడు.

అటుపిమ్మట ఆ గంపలో ఏ సంతకైనా నలభై పొట్లాలే. అవి అయిపోతే అతడు చేతులు జోడించేవాడు. జనం వచ్చేవారం మరింత పెందలాడే వచ్చేవారు. శరభయ్య వంటశాల మూతపడిందని, ఆ చోట ఇప్పుడు గోడలు కూడా లేవని పట్నంనుంచి వచ్చినవారు చెప్పారు.

ఏడాది తిరిగాక వల్లభయ్యకు ఒక ఉత్తరం వచ్చింది. దస్తూరీ ఎరుగనిది. అందులో ఉన్నది ఒక్క వాక్యమే: "ఏమండీ, ఇంటికి ఎప్పుడు వస్తున్నారు?"

ఆ ఉత్తరానికి అతడు ఎన్నడూ జవాబు రాయలేదు.

అబద్ధాన్ని వెనక్కు తీసుకోవచ్చును. కాని అది మన ఇంటి దారి మరచిపోదు.