గుండు నేర్చిన నాలుగు విద్యలు

చంద్రశిల రాజు విక్రాంతుడికి వింత కోరికలన్నీ భోజనం అయ్యాకే పుడతాయి. ఆ రోజు పనసతొనల పాయసం తాగి, మీసం తుడుచుకుని సభకొచ్చాడు. పది రోజుల్లో మృగాల పోటీ జరగాలన్నాడు. గెలిచిన మృగాన్ని పెంచినవారికి మృగశాల పెత్తనం. ఓడిన మృగం బతికినన్నాళ్లూ రాళ్లగనిలో బండి లాగాలి.

ఆ రాజ్యంలో మాయమృగాలకు కొదవ లేదు. నిప్పు కక్కేవీ, పిడుగులు విసిరేవీ అన్నీ ఉన్నాయి. కానీ ఎంత గొప్ప మృగమైనా దాని బుర్రలో పట్టేది నాలుగు విద్యలే. అయిదోది నేర్పాలంటే పాతవాటిలో ఒకటి మరిపించాలి. ఏవి ఉంచాలో, ఏది వదిలించాలో తెలియడమే శిక్షకుడి పనితనం.

ఆస్థాన శిక్షకుడు ఉద్దండయ్యకు పనితనం కన్నా చప్పట్లంటే ప్రీతి. ఆయన మృగం అగ్నికేసరి. ఒకప్పుడు రెప్ప వాల్చకుండా కోట గుమ్మం కాచిన సింహం. ఏ విద్యకు సభ ఆహా అనకపోతే ఆ విద్యను ఆయన ఆ వారమే మరిపించేవాడు. అలా వడపోయగా నిప్పుజూలు, పిడుగుపంజా, కొండదూకుడు మిగిలాయి. మొన్ననే భూకంప గర్జన కూడా నేర్పించి, రాజుగారి చేత మెడలో హారం వేయించుకున్నాడు.

అటువంటి సింహం మీదికి తమ మృగాన్ని ఎవరు తోలతారు? సభలో అందరూ నేల చూపులు చూశారు. ఉద్దండయ్య అటూ ఇటూ చూసి, గుమ్మం దగ్గర నిలబడ్డ కోనమ్మ వైపు వేలు చూపించాడు.

కోనమ్మ మృగశాలలో గుగ్గిళ్లు ఉడికిస్తుంది. రోజూ ప్రదర్శనకు మృగాలను సభ గుమ్మం దాకా తోలుకొచ్చేదీ ఆమే. ఆమె దగ్గర ఒక తాబేటి మృగం ఉంది, పేరు గుండు. మురిగిపోయిందని పారేసిన గుడ్డును ఒళ్లో పెట్టుకుని పొదిగింది. ఇప్పుడది కుడితి తొట్టి అంత అయింది.

"దాన్ని దింపమనండి ప్రభూ. గనిలో బండికి ఎటూ ఒకటి కావాలిగా" అన్నాడు ఉద్దండయ్య. రాజు సరేనన్నాడు. ఇక కాదనేదెవరు?

కోనమ్మ ఇంటికొచ్చి గుండు వీపు మీద చెయ్యి వేసి కరువుతీరా ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముక్కు చీది, ఆలోచన మొదలుపెట్టింది.

మర్నాడు గుగ్గిళ్లు పెట్టడానికి వెళితే, అగ్నికేసరి తొట్టిలో మూతి పెట్టి గురక పెడుతోంది. కోనమ్మకు ఆశ్చర్యం వేసింది. కాపలా సింహం పట్టపగలు నిద్రపోవడమా? కాసేపటికి విషయం అర్థమైంది. గర్జనకు చోటు చేయడానికి ఉద్దండయ్య మరిపించింది నిద్ర ఆపుకునే విద్యను. మెలకువగా ఉన్నందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు మరి.

మిగిలిన రోజులన్నీ ఆమె గుండు ముందు కూర్చుని ఆవులిస్తూనే ఉంది. ఇరుగుపొరుగు పాపం మతి పోయిందనుకున్నారు.

పోటీ రోజు బరి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పు పది దెబ్బలు పడేలోగా పైకి లేవలేని మృగం ఓడినట్టు. ముందుగా ఎవరి విద్యలు వారు చాటాలన్నది ఆనవాయితీ. ఉద్దండయ్య తన నాలుగు విద్యలనూ రాగం తీసి చదివాడు. కోనమ్మ వంతు వచ్చింది.

"ముప్పు వస్తే తల లోపలికి లాక్కోవడం. ఉన్నచోటే నిద్రపోవడం. ఆవులించడం. పడ్డవాడి మీద ఎక్కి కూర్చోవడం. అంతే దొరా."

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. బండికి ఇప్పుడే తాళ్లు బిగించమని ఉద్దండయ్య భటులకు పురమాయించాడు.

డప్పు మోగింది. అగ్నికేసరి నిప్పుజూలు విదిల్చింది. గుండు తల లోపలికి లాక్కుంది. పంజా పడింది, డిప్ప పగల్లేదు. కొండదూకుడు దూకితే సింహానికే నడుము పట్టేసింది. గుండుకు నాలుగు చోట్ల కాలింది, ఒక చోట బీట కూడా వారింది. కోనమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. గుండు మాత్రం ఉన్నచోటే ఒక కునుకు తీసి, తేరుకుని లేచింది.

చివరికి సింహం భూకంప గర్జన చేసింది. కోట గోడలు అదిరాయి, రాజుగారి గొడుగు ఒరిగింది. గర్జన అయ్యేసరికి దానికి నాలుక వేలాడింది, కాళ్లు వణికాయి. సరిగ్గా అప్పుడు గుండు మెల్లగా తల బయట పెట్టి, సింహం కళ్లలోకి చూస్తూ, తీరిగ్గా ఆవులించింది.

సింహం కూడా ఆవులించింది. ఉద్దండయ్యా ఆవులించాడు. సింహం ముందుకాళ్లు చాపి, గడ్డం ఇసుకలో ఆనించి, గుర్రు పెట్టేసింది. లెమ్మని ఉద్దండయ్య గొంతు పోయేలా అరిచాడు కానీ మేలుకునే విద్య దాని బుర్రలో ఉంటే కదా.

గుండు నాలుగడుగులు వేసి, సింహం మీదికి ఎక్కి, కూర్చుంది. డప్పు పది దెబ్బలూ పడ్డాయి.

రాజు చప్పట్లు చరిచి, మృగశాల తాళాల గుత్తి కోనమ్మ చేతిలో పెట్టాడు. భటులు సింహాన్ని గనికి తోలబోతే ఆమె అడ్డం పడింది.

"ఓడింది మృగం కాదు ప్రభూ, దానికి మేలుకోవడం మరిపించినవారు."

రాజుకు ఆ మాట నచ్చింది. బండికి బిగించిన తాళ్లు ఉద్దండయ్య చేతికి ఇప్పించాడు. తర్వాత కుతూహలం ఆపుకోలేక అడిగాడు.

"కోనమ్మా, ఇంత పదునైన నాలుగు విద్యలు ఏ గురువు దగ్గర నేర్చావు?"

కోనమ్మ రాజు వెనక బారులు తీరిన మంత్రులనూ, దండనాయకులనూ, పండితులనూ ఒకసారి చూసి, చేతులు జోడించింది.

"గురువెవరూ లేరు ప్రభూ. పన్నెండేళ్లుగా సభ గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఈ నాలుగూ వచ్చినవారి పదవి ఒక్కటీ పోలేదు."

రాజు వెనక్కి తిరిగి చూశాడు. మంత్రులందరూ ఒక్కసారిగా తల లోపలికి లాక్కున్నారు. అది చూసి రాజు సింహాసనం మీంచి జారిపోయేలా నవ్వాడు, తన మెడలోని ముత్యాల పేరు తీసి గుండు డిప్ప మీద వేశాడు.