చిప్పెడు దాహం

ఎప్పటి మాటో గానీ పిల్లలూ, అనగనగా అడవిలో ఒక రాతి గుట్ట. ఆ గుట్ట మీద ముళ్లపంది సింగారమ్మ ఏడు డ్రాగన్ పండు మొక్కలు పెంచుకునేది. ఎండాకాలంలో అక్కడి జంతువులకి ఆ పళ్లే తిండి. నీళ్లంటారా, కింద ఒకే ఒక్క చిన్న మడుగు, అందరికీ అదే.

ఒక వేసవిలో మొక్కల కాడలు పసుపెక్కాయి.

"నీ చుట్టాలకి దాహమేస్తున్నట్టుందే సింగారం," అన్నాడు ఏనుగు భద్రయ్య. "నీకూ ముళ్లే, వాళ్లకీ ముళ్లే. నోరు తెరిచి అడగరు."

పాపం, మంచి మనసు. రోజూ ఒక్కో మొక్కకి తొండం నిండా నీళ్లు తెచ్చి పోశాడు. కాడలు ఇంకా పాలిపోయాయి. రెండేసి తొండాలు పోశాడు. ఒక మొక్క మొదలు కుళ్లి కూలిపోయింది. మడుగు సగానికి దిగిపోయింది.

సింగారమ్మకి గుబులు పట్టుకుంది. మిగిలినవి ఆరు. అసలివి ఎంత తాగుతాయి? ఎవర్నడిగినా తెలీదన్నారు.

"మావా, మూడు రోజులు నీళ్లు పొయ్యకు. నేను కొలిచి చెప్తా," అంది భద్రయ్యతో.

"దాహాన్ని కొలుస్తావా? సరే. ఎండిపోతే పూచీ నీదే."

"నాదే."

వానాకాలంలో వాగులో కొట్టుకొచ్చిన కుండలోకి ఒక మొక్కని మట్టితో సహా మార్చింది. మట్టిలో తడి ఎండకి పోకుండా పైన ఆకులు కప్పి బంకమట్టి మెత్తింది. గుండ్రాయి మీద చెక్క పెట్టి, ఒకవైపు కుండ, ఇంకోవైపు గులకరాళ్లు సరితూగేలా ఉంచింది.

సాయంత్రం చూస్తే చెక్క కదల్లేదు.

"నీ తక్కెడ మొద్దునిద్ర పోతోంది," అని నవ్వాడు భద్రయ్య.

తెల్లారి చూస్తే కుండ వైపు కాస్త పైకి లేచింది. మట్టిలో నీళ్లు మొక్క తాగి ఆవిరిగా వదిలేసరికి కుండ తేలికైందన్నమాట. సింగారమ్మ మీసాలు అదిరాయి. అంటే పగలు ఊపిరి బిగబట్టుకుని, రాత్రే తాగుతోందా ఇది? రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

అప్పుడు కుండ పైన మెత్తిన బంకమట్టికి చిన్న కన్నం పెట్టి కొబ్బరిచిప్పతో నీళ్లు పోసింది. సరిగ్గా మూడో చిప్పకి చెక్క సమానమైంది.

"మూడు రోజులకి మూడు చిప్పలు మావా. మరి నీ తొండంలో ఎన్ని పడతాయో చూడు."

భద్రయ్య మడుగు దగ్గర తొండం నింపుకుని, చిప్పలోకి వదలడం, మళ్లీ మడుగులోకే పారబోయడం మొదలెట్టాడు. నలభై చిప్పలయ్యాయి. ఆయన చెవులు వేలాడిపోయాయి.

"మరి పసుపెక్కాయి కదే?"

"మొదట ఎండదెబ్బకి, ఆ తర్వాత నీళ్లెక్కువై. మునిగిపోయేవాడు కూడా నోరు తెరుస్తాడు మావా. మనం దాహమనుకున్నాం."

ఆనాటినుంచి మొక్కకి రోజుకి చిప్పెడే. ఆరూ తేరుకున్నాయి. వానలు నెల ఆలస్యమైనా మడుగు ఎండలేదు, పళ్లు ఎర్రబడ్డాయి.

తర్వాతి వేసవిలో ఒకరోజు వడగాలి మొదలైంది. భద్రయ్య తొండం చివర చిప్ప పట్టుకుని వచ్చాడు.

"ఇవాళ కూడా ఒకటేనా సింగారం?"

"ఏమో మావా, ఎండ మారిందిగా. పద, కుండ మళ్లీ తూచి చూద్దాం."

నీతి: ప్రేమతో ఇచ్చేటప్పుడు కూడా, తీసుకునేవాళ్లకి ఎంత కావాలో ముందు కనుక్కోవాలి.