కుట్టుకు పోయిన గుడ్డ

ఆ రాజ్యంలో రోజు అనేది గుడ్డ తానుగా వచ్చేది. తెల్లవారేసరికి మనిషికొక తాను చొప్పున కోట వాకిట్లో దిగేది. అందరిదీ ఒకటే కొలత. చేతిలో గుడ్డ ఉన్నంతసేపే మనిషికి పొద్దు. అయిపోయిందా, ఎక్కడివాళ్లకు అక్కడే చీకటి.

ఆ తానుల్ని కోసి పనులకు పంచడానికి రాజు ఒకతన్ని పెట్టాడు. కత్తెర మనిషి అనేవాళ్లు. వంతెనకింత, కాలువకింత, బురుజుకింత అని ఎవరి గుడ్డలోంచి ఎంత కొయ్యాలో అతనే తేల్చేవాడు. మిగిలిన కొసముక్క ఇంటికి. తిండీ నిద్రా, బిడ్డ మొహం చూసుకోవడం, అన్నీ ఆ ముక్కలోనే. అతని సొంత గుడ్డ కొయ్యడానికే సరిపోయేది. రాతిపని చేసే పెళ్లాం గుడ్డను కూడా అందరిదిలాగే కోసేవాడు. నాకు తన పర భేదం లేదని గొప్పలు పోయేవాడు కూడా.

అతనికి కత్తెర పట్టడం నేర్పింది మేనత్త. ఆవిడ కూతుర్నే చేసుకున్నాడు. "కొయ్యబోయేముందు కుట్టుకు వదలరా. అంచు మడవని గుడ్డ నిలవదు" అన్నది ఆవిడ చెప్పిన మొదటి పాఠం. మొదట్లో అలాగే వదిలేవాడు. అప్పట్లో మనిషికి ఒకటే పని, తానుకు ఒకటే కోత.

రాజుకు పనులు పెరిగాయి. తానులు పెరగలేదు. ప్రతి పనికీ ఒక పెద్ద ఉండేవాడు. వాళ్లు వచ్చి, మాకెక్కువ వద్దు, జానెడు చాలు అనేవాళ్లు. జానెడు జానెడంటూనే ప్రతి తానూ పేలికలైంది, కుట్టుకు వదలడమూ పోయింది. పేలిక పేలికకూ రెండువైపులా అంచు మడవాలి, సగం గుడ్డ ఆ మడతలకే పోయేది. వంతెన దగ్గర ఉలి చేతికి అలవాటు పడేలోపే ఆ ముక్క అయిపోయేది, కాలువకు పరుగెత్తాల్సి వచ్చేది. కొసముక్క వేలెడు మిగిలితే ఆ ఇంట్లో పండగే.

ఒకసారి కత్తెర మనిషి తెగించి, సగం గుడ్డ కుట్టుకే పోతోందని మంత్రితో చెప్పాడు. మంత్రి మంచివాడే, కోప్పడలేదు. "రాజుగారికి గుడ్డ కనిపిస్తుందయ్యా, కుట్టు కనిపించదు. నువ్వు కోసిన ముక్కలన్నీ పక్కపక్కన పరిస్తే కొలతకు సరిపోతున్నాయా, లేదా?" సరిపోతున్నాయి. అదే కదా ఏడుపు. వెనక్కొచ్చి మళ్లీ కత్తెర పట్టాడు.

అంతలో ఏటి అవతల మేనత్త మంచాన పడిందని కబురొచ్చింది. పోయి రావాలంటే నిండు తాను కావాలి.

"ఒక్కరోజు నా గుడ్డ కొయ్యకు మావా. అమ్మ నన్ను చూడాలంటోందంట" అంది పెళ్లాం.

కొయ్యని తాను ఇచ్చేది ఇంట్లో ఎవరైనా పోతేనే. అది రాజ్యం కట్టుబాటు. బతికున్నవాళ్లను చూడ్డానికి ఇవ్వరు. వంతెన అయ్యాక చూద్దామన్నాడు. ఈ లెక్కన వంతెన ఎప్పటికీ అవదని అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆమె మళ్లీ అడగలేదు. కొసముక్కలు దాచడం మొదలుపెట్టింది. తిండి సగం చేసుకుంది, నిద్ర సగం చేసుకుంది. కళ్లు లోపలికి పోయాయి. అతను చూశాడు. ఏం చెయ్యాలో తోచక కత్తెరకు సాన పట్టుకుంటూ కూర్చున్నాడు.

ముక్కలన్నీ పరిస్తే నిండు తాను పొడవైంది. కుడితే తగ్గుతుందని ఆ తల్లి కూతురికి తెలియదా? తెలుసు. ఇంకాసిని ముక్కలు కూడేదాకా తల్లి ఆగుతుందన్న నమ్మకం లేదు, అంతే. ఒకనాడు పనులన్నీ ముగించి, కుట్టిన గుడ్డ కప్పుకుని బయల్దేరింది. ఏటి ఒడ్డుకు చేరేసరికి గుడ్డ అయిపోయింది. అవతల తల్లి ఇంట్లో దీపం కనిపిస్తూనే ఉంది. తడుముకుంటూ తిరిగొచ్చి, ఆ అతుకుల గుడ్డలో మిగిలిన కుట్లను మొగుడి ముందు పెట్టింది.

"నువ్విచ్చిన ముక్కలే మావా. కుట్టుకు పోయింది."

అతను తలెత్తలేదు. ఎత్తడానికి మొహమేదీ?

కొద్దిరోజులకే అత్త పోయిందన్న కబురొచ్చింది. మర్నాడు వాకిట్లో కత్తెర మనిషి పెళ్లానికి కొయ్యని తాను అందించాడు. చేతులు కాలాక ఆకులు. ఎన్నో ఏళ్ల తర్వాత నిండు తాను బరువు ఆమె చేతులకు తెలిసింది. అతనికీ కొయ్యని తాను రావాల్సిందే, కానీ అతను పోతే మిగతావాళ్లకు కోసేదెవరు? ఆమె అతని వైపు చూడకుండా వెళ్లిపోయింది.

వరసలో నిలబడ్డవాళ్లందరి కళ్లూ ఆ గుడ్డ వెంటే వెళ్లాయి. తర్వాతి వంతు కాలువ తవ్వే కుర్రవాడిది. తండ్రంటే ప్రాణం పెట్టేవాడని వాడికి పేరు.

"నిండుది పట్టుకుంటే ఎలా ఉంటుందన్నా?" అని అడిగాడు.

కత్తెర మనిషి వాడి తాను అందుకున్నాడు. కుర్రవాడు గొంతు తగ్గించాడు.

"మా నాన్నకూ ఈ మధ్య నలతగానే ఉంటోంది."

ఆ గొంతులో ఆశ వినిపించింది. కత్తెర మనిషి వాడి గుడ్డ పరిచాడు. ఎప్పటిలాగే, కుట్టుకు వదలకుండా కొయ్యడం మొదలుపెట్టాడు.